మూడు ట్రిప్పులు, అందులో ఒకటి క్యాన్సిల్: సీ కయాకింగ్ క్లబ్బుతో నా అనుభవం

హైదరాబాద్‌లో ఉంటూ సముద్రంలో కయాక్, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ, నడపాలని అనుకునేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. మా బ్యాంకులోనే నలుగురు అడిగారు, "మేడమ్, మీరు వెళ్తున్నారు కదా, ఆ క్లబ్బు మంచిదేనా, పెట్టిన డబ్బులకి తగ్గట్టు ఉంటుందా, ప్రమాదం ఏమీ లేదా" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక మొత్తం ఇక్కడ రాస్తున్నాను. జనవరి నుంచి మార్చి దాకా ఈ సీజన్‌లో వాళ్లతో మూడుసార్లు తీరానికి వెళ్లాను, ఒకసారి బాపట్ల దగ్గర సూర్యలంక, రెండుసార్లు విశాఖపట్నం. క్లబ్బు పేరు మాత్రం రాయడం లేదు. మూడో ట్రిప్పులో జరిగిన ఒక విషయం మీద మేం కొంతమందిమి కలిసి వాళ్లకి లెటర్ ఇచ్చాం, దానికి ఇంకా పూర్తి జవాబు రాలేదు, అది తేలకముందే పేరు పెట్టి రాయడం న్యాయం కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నేర్పడంలో వీళ్లు చాలా గట్టివాళ్లు. సముద్రం బాగా లేనప్పుడు దిగొద్దు అని మొహం మీద చెప్పేస్తారు, డబ్బు కట్టిన జనం ఎంత గొడవ చేసినా సరే. కానీ మార్చిలో ఎవరిని తీసుకెళ్లాలి అనే దగ్గర తప్పు చేశారు, అది చిన్న తప్పు కాదు.

నా గురించి రెండు ముక్కలు, లేకపోతే ఏ లెక్కలో చెప్తున్నానో అర్థం కాదు. నాకు 39 ఏళ్లు. ఈత వచ్చు, చిన్నప్పుడు మా ఊరి వ్యవసాయ బావిలో నేర్చుకున్నదే. జిమ్‌కి వెళ్లే అలవాటు లేదు. మా తమ్ముడు కూడా నాతో మూడు ట్రిప్పులకీ వచ్చాడు, వాడికి 32. క్లబ్బువాళ్లు అడిగేది 50 మీటర్లు ఆగకుండా ఈదడం, ఆ తర్వాత రెండు నిమిషాలు నీళ్లలో ఒకేచోట తేలుతూ ఉండటం. అది నోటితో చెప్తే ఒప్పుకోరు, స్విమ్మింగ్ పూల్లో వాళ్ల కళ్ల ముందు చేసి చూపించాలి. నాకు మొదట నచ్చింది అదే.

మనలో చాలామందికి కయాక్ అంటే వికారాబాద్ వైపు కోట్‌పల్లి ప్రాజెక్టులో అద్దెకిచ్చే పడవలే గుర్తొస్తాయి. నాకూ మొదలు అక్కడే. అవి ఎక్కువగా వెడల్పుగా, పొట్టిగా, స్థిరంగా ఉంటాయి, ఎవరైనా ఎక్కి కూర్చుని తెడ్డు వేసేయొచ్చు. సముద్రానికి వాడే పడవ వేరు. పొడవు ఐదు మీటర్లు ఉంటుంది, వెడల్పు మాత్రం అరవై సెంటీమీటర్లు కూడా ఉండదు. గుంత లాంటి దాంట్లోకి కాళ్లు చాపి దూరి కూర్చోవాలి, తొడలు రెండూ లోపలివైపు పడవ పైభాగానికి ఆనాలి, అప్పుడే పడవ మన నడుము మాట వింటుంది. నడుముకి రబ్బరు గౌను లాంటిది కట్టుకుని దాని అంచుని ఆ గుంత చుట్టూ బిగిస్తాం, దాన్ని స్ప్రే స్కర్ట్ అంటారు, కెరటం మీద పడినా నీళ్లు లోపలికి రావు. ముందు ఒకటి, వెనక ఒకటి మూసేసిన గదులు ఉంటాయి, పడవ తిరగబడినా మునగకుండా తేలేది వాటిలో ఉన్న గాలి వల్లే. వెనక అడుగున స్కెగ్ అనే చిన్న రెక్క ఉంటుంది. పక్కగాలి కొట్టినప్పుడు పడవ ముక్కు గాలివైపు తిరిగిపోతూ ఉంటుంది, ఆ రెక్కని కిందికి దించితే మళ్లీ తిన్నగా నడుస్తుంది.

ఆ స్కర్టు చూసి అందరూ అడిగే ప్రశ్న ఒకటే, తిరగబడితే లోపల ఇరుక్కుపోమా అని. నాకూ అదే భయం, మొదటి పూల్ సెషన్‌కి ముందు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. వాళ్లు నేర్పిన పద్ధతి చెప్తాను. ముందు పొడి నేల మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని స్కర్టు ముందున్న పట్టీ ఎక్కడుందో తడిమి పట్టుకోమన్నారు. ఒకసారి కాదు, ఇరవైసార్లు. తర్వాత నీళ్లలో మాకు నేర్పే క్లబ్బు లీడర్ పక్కన నిలబడి పడవని తలకిందులు చేస్తాడు. లోపల మనం ముందుకి వంగి, అరచేతులతో పడవ అడుగుని మూడుసార్లు గట్టిగా కొట్టాలి, తర్వాత పట్టీని ముందుకి నెట్టి పైకి లాగాలి, ప్యాంటు విప్పినట్టు పడవని నడుము మీది నుంచి తోసేసుకుని బయటికి రావాలి. ఆ మూడు చప్పుళ్లు ఎందుకంటే కంగారుపడి గుంజుకోకుండా ఉండటానికి. మొదటిసారి ముక్కులోకి నీళ్లు పోయి నాకు ఏడుపొచ్చింది. నాలుగోసారికి కింద కళ్లు తెరిచి చూశాను, పూల్ అడుగున నీలం టైల్స్ కనిపించాయి, టైం చాలా ఉందని అప్పుడు తెలిసింది. మొత్తం ఐదారు సెకన్ల పని.

తర్వాత మూడు ఆదివారాలు శివార్లలో ఒక చెరువులో. మొదటి ఆదివారం తెడ్డు వేయడం, చేతులతో కాకుండా నడుము తిప్పుతూ ఎలా వేయాలో. మిగిలిన రెండూ పూర్తిగా ఒకరినొకరు కాపాడుకోవడం మీదే. పడినవాళ్లు పడవని వదలకూడదు, తెడ్డుని వదలకూడదు. కాపాడేవాళ్లు తిరగబడ్డ పడవ ముక్కు దగ్గరికి అడ్డంగా వచ్చి, ఆ ముక్కుని తమ పడవ మీదికి లాగి నీళ్లు ఒంపేయాలి, తిప్పి నిలబెట్టాలి, రెండు పడవల్నీ పక్కపక్కన పెట్టి ఒళ్లంతా ఆనించి గట్టిగా పట్టుకోవాలి, అప్పుడు పడినవాళ్లు వెనకభాగం మీదికి బోర్లా ఎక్కి కాళ్లు గుంతలో పెట్టి తిరిగి కూర్చోవాలి. రాస్తుంటే ఇంత ఉంది కానీ అలవాటైతే మూడు నిమిషాలు. చెరువులో ఇది నేను పద్నాలుగుసార్లు చేశాను, సగం పడినమనిషిగా, సగం కాపాడేమనిషిగా. చేతులు నొప్పెట్టి సోమవారం కౌంటర్లో స్టాంపు వేయలేకపోయాను. అప్పుడు ఇంత ఎందుకు అనిపించింది.

సూర్యలంక ట్రిప్పు జనవరిలో. శుక్రవారం రాత్రి టెంపో ట్రావెలర్‌లో ఎల్బీనగర్ నుంచి బయల్దేరి తెల్లవారుజామున బాపట్ల చేరాం, అక్కడి నుంచి బీచ్ తొమ్మిది కిలోమీటర్లు. పడవలు వెనకాల చిన్న లారీలో వచ్చాయి. అది లోతు నెమ్మదిగా పెరిగే తీరం, అందువల్ల కెరటాలు ఒకదాని వెనక ఒకటి వరసలుగా చాలా దూరం నుంచే విరుగుతూ వస్తాయి, నేర్చుకోవడానికి మంచి చోటు. రెండు రోజులూ దూరాలు వెళ్లనే లేదు, ఒడ్డు నుంచి కెరటాల వరస దాటి బయటికి పోవడం, మళ్లీ లోపలికి రావడం, అంతే. బయటికి వెళ్లేటప్పుడు ఒడ్డున నిలబడి కెరటాలని లెక్కపెట్టమన్నారు, పెద్దవి నాలుగైదు కలిసి వచ్చాక కాసేపు చిన్నవి వస్తాయి, ఆ సందులో పోవాలి. రావడం ఇంకా కష్టం. కెరటం వెనక నుంచి ఎత్తి పడవని అడ్డంగా తిప్పేస్తుంది, అప్పుడు మన ఒళ్లు సహజంగా ఒడ్డువైపు వాలుతుంది, వాలామా తిరగబడతాం. కెరటం మీదికే వాలి, తెడ్డుని దాని మీద ఆనించాలి. భయపెట్టేదాని మీదికే వాలమంటే బుర్రకి ఎక్కుతుంది కానీ ఒంటికి ఎక్కదు, నాకు రెండో రోజు మధ్యాహ్నానికి గానీ ఎక్కలేదు. తొమ్మిదిసార్లు పడ్డాను. ఆ రెండు రోజులే నా లెక్కలో అన్నిటికంటే విలువైనవి, ఫొటోలు మాత్రం ఒక్కటీ బాగా రాలేదు.

రెండో ట్రిప్పు ఫిబ్రవరిలో విశాఖ. శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్, శనివారం రుషికొండలో ప్రాక్టీసు, ఆదివారం ఉదయం రుషికొండ నుంచి భీమిలి దాకా సముద్రంలో సుమారు పదిహేను కిలోమీటర్లు, అదీ ప్లాన్. శనివారం అంతా బాగుంది. శుభ్రతకీ భద్రతకీ ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, స్నానాల గదులు, బట్టలు మార్చుకునే చోటు ఉన్నాయి, ఆడవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో మగవాళ్లకి చెప్పినా అర్థం కాదు. రాత్రి భోజనాల తర్వాత లీడర్ ఫోన్లో సముద్రం ఫోర్‌క్యాస్ట్ తెరిచి అందరికీ చూపించాడు. మీకో సంగతి తెలుసా, దేశం మొత్తానికీ కెరటాల ఎత్తు, ఉప్పెన, సునామీ హెచ్చరికలు ఇచ్చే సంస్థ ఉన్నది మన హైదరాబాద్‌లోనే. ఇన్‌కాయిస్ అంటారు, ప్రగతినగర్‌లో ఉంది, 1999లో పెట్టారు, సునామీ హెచ్చరికల కేంద్రం 2007 నుంచి అక్కడే నడుస్తోంది. నేను ఏడేళ్లు నిజాంపేటలో ఉండి రోజూ అటువైపు తిరిగాను, సముద్రానికి సంబంధించిన ఆఫీసు అక్కడ ఉందని తెలియనే లేదు.

ఆ ఫోర్‌క్యాస్ట్‌లో కెరటాల ఎత్తు ఒక మీటరే చూపించింది. మీటరే కదా అని అందరం నిద్రపోయాం. లీడర్ చూసింది ఎత్తు కాదు, కెరటానికీ కెరటానికీ మధ్య సెకన్లు. దగ్గర్లో గాలికి లేచే కెరటాలు ఐదారు సెకన్లకి ఒకటి వస్తాయి, వాటిలో పస తక్కువ. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల తుఫానులో పుట్టి వచ్చేవి పన్నెండు, పద్నాలుగు సెకన్లకి ఒకటి వస్తాయి, నడిసముద్రంలో అవి కనిపించను కూడా కనిపించవు, ఒడ్డు దగ్గర అడుగు తగిలేసరికి ఒక్కసారిగా లేచి విరుచుకుపడతాయి. పొద్దున ఐదున్నరకి బీచ్‌కి వెళ్తే అదే జరుగుతోంది. చప్పుడే వేరుగా ఉంది. కెరటం ఇసుక మీదే నిలువునా కూలుతోంది. జాలర్ల ఫైబర్ బోట్లన్నీ ఇసుకలోనే ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మా పడవల్ని చూసి, "మావోళ్లే దిగనేదు, మీరేటి దిగుతారమ్మా?" అన్నాడు.

లీడర్ ముప్పావుగంట నిలబడి చూశాడు. తర్వాత అందరినీ పిలిచి ఈ రోజు దిగడం లేదని చెప్పాడు. గొడవ మొదలైంది. ఇంత దూరం వచ్చాం, సెలవు పెట్టుకుని వచ్చాం, 9,500 కట్టాం, నిన్న బాగానే చేశాం కదా, ఒకసారి ట్రై చేద్దాం అన్నా, అని ఒకరి తర్వాత ఒకరు. నేనూ అన్నాను, దాచుకోవడం ఎందుకు. ఆయన గొంతు పెంచలేదు. "నేను దిగగలను అక్కా. మీ పన్నెండుమందినీ మళ్లీ ఇదే ఒడ్డుకి దెబ్బ తగలకుండా దింపడం ఈ రోజు నా వల్ల కాదు" అన్నాడు. అంతే, పడవలు లారీ ఎక్కించేశారు.

ఆ పూట మమ్మల్ని తొట్లకొండ ఎక్కించారు. బౌద్ధ స్తూపాల శిథిలాల దగ్గర నిలబడితే కింద తీరమంతా పటం పరిచినట్టు కనిపిస్తుంది. అక్కడి నుంచి కెరటాలు ఎక్కడ విరుగుతున్నాయి, ఎక్కడ విరగకుండా చప్పగా ఉందో చూపించి, ఆ చప్పగా ఉన్న చోటే నీళ్లు వెనక్కి లాగే ప్రవాహం ఉంటుంది, ఈతకి దిగేవాళ్లు ప్రశాంతంగా ఉందని అక్కడే దిగి కొట్టుకుపోతారు అని వివరించాడు. పైనుంచి చూస్తే ఇసుక కలిసిన గోధుమరంగు చార సముద్రంలోకి పోతూ స్పష్టంగా కనిపించింది. కింద ఉన్నప్పుడు మాకెవరికీ కనిపించలేదు. విశాఖ బీచుల్లో ఎందుకంతమంది పోతారో ఆ గంటలో నాకు అర్థమైంది. కోపం మాత్రం వెంటనే పోలేదు, రైల్లో కూడా ముభావంగానే ఉన్నాను. డబ్బు వెనక్కి ఇవ్వలేదు, తర్వాతి ట్రిప్పుకి సగం తగ్గించారు. రూములు, లారీ ఖర్చు వాళ్లకి ఎలాగూ అయిపోయింది కాబట్టి అది సరైన లెక్కే అని ఇప్పుడు ఒప్పుకుంటాను, కానీ ఈ రూలు బుకింగ్ అప్పుడే చెప్పాలి, అక్కడ నిలబడ్డాక కాదు.

ఇక మార్చి. అదే దారి, రుషికొండ నుంచి భీమిలి. ఆరున్నరకి నీళ్లలో ఉన్నాం. ఫిబ్రవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా తూర్పు తీరం వెంట నీటి ప్రవాహం ఉత్తరం వైపు నడుస్తుంది, వానాకాలం పోయాక అది తిరగబడి దక్షిణానికి పోతుంది, అందుకే ఈ దారి ఈ నెలల్లో, ఈ దిక్కుకే పెట్టుకుంటారు. పొద్దున్నే గాలి నేల మీది నుంచి సముద్రం వైపు సన్నగా వీస్తోంది. నీళ్లు నూనెలా ఉన్నాయి. ఎడమపక్క కొండలు, తాటిచెట్లు, కుడిపక్క ఏమీ లేదు, ఎండ తప్ప. ఒడ్డు నుంచి అరకిలోమీటరు సముద్రం లోపలికి వెళ్తే బీచ్ రోడ్డు మీద బస్సు హారన్ కూడా వినిపించదు, తెడ్డు నీళ్లలో పడే చప్పుడొక్కటే. మంగమారిపేట దగ్గర రాతి తోరణం సముద్రం వైపు నుంచి చూడటం ఇదే మొదటిసారి, ఒడ్డు నుంచి చూస్తే రాయిలా ఉండేది ఇటు నుంచి చూస్తే గుమ్మంలా ఉంది. వలలకి కట్టిన బెండ్లు కనిపించిన ప్రతిచోటా లీడర్ విజిల్ వేసి మమ్మల్ని చుట్టూ తిప్పాడు, ఒకరి వల మీది నుంచి పోవడం తప్పు, వాళ్ల తిండి అది. ఒక తాబేలు తల పైకెత్తి మా తమ్ముడి పడవ పక్కన రెండు క్షణాలు ఉండి మునిగిపోయింది. ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చే కాలం అది. వాడు ఇప్పటికీ దాని గురించే చెప్తాడు.

ఆ మూడు గంటల కోసమైతే 9,500 కాదు, దానికి రెట్టింపు ఇచ్చినా నేను వెళ్తాను.

తొమ్మిది దాటాక గాలి ఆగిపోయింది. పావుగంట తర్వాత సముద్రం వైపు నుంచి, మా వెనక కుడిపక్క నుంచి మొదలైంది. ఇది రోజూ జరిగేదే, నేల వేడెక్కాక గాలి తిరుగుతుంది, పది లోపు భీమిలి చేరాలని ప్లాన్ పెట్టిందీ అందుకే. కానీ మేం ఆలస్యంగా ఉన్నాం. ఎందుకు ఆలస్యమంటే ముగ్గురు వెనకబడుతున్నారు. ఆ ముగ్గురు మాతో పూల్లోనూ లేరు, చెరువులోనూ లేరు. ఆ వారమే చేరారట, కోట్‌పల్లిలో చాలాసార్లు చేశాం అన్నారట, శనివారం రుషికొండలో గంటసేపు చూసి సరే అన్నారట. ఇది మాకు నీళ్లలో ఉండగా తెలిసింది. మేం పదకొండుమందిమి, లీడర్లు ఇద్దరే.

ఎర్రమట్టి దిబ్బలు ఎడమపక్క ఎర్రగా కనిపిస్తున్నాయి, భీమిలి ఇంకా నాలుగైదు కిలోమీటర్లు. ఆ ముగ్గురిలో ఒకాయనకి కడుపులో తిప్పి వాంతులు మొదలయ్యాయి. వెనక లీడర్ ఆయన పడవకి తాడు కట్టి లాగడం మొదలుపెట్టాడు, అది సరైన పనే. ముందు లీడర్ రెండు వందల మీటర్లు ముందున్నాడు. మధ్యలో మేం. వెనక నుంచి వచ్చిన కెరటం ఆ ముగ్గురిలో ఇంకొకాయన పడవని ఎత్తి అడ్డంగా తిప్పింది, ఆయన వాలకూడని వైపే వాలాడు. పడిపోయాడు. అదృష్టం కొద్దీ స్కర్టు దానంతట అదే ఊడింది. తల బయటికి వచ్చింది కానీ పడవ వదిలేశాడు, తెడ్డు వదిలేశాడు. ఖాళీ పడవ గాలికి మనిషి కంటే చాలా వేగంగా కొట్టుకుపోతుంది, రెండు నిమిషాల్లో ఆయనకీ పడవకీ మధ్య ముప్పై గజాలు.

దగ్గరున్నది నేనూ, గాంధీ ఆస్పత్రిలో నర్సుగా చేసే ఒక అమ్మాయీ. ఎవరూ ఏమీ చెప్పుకోలేదు, ఆ అమ్మాయి మనిషి వైపు పోయింది, నేను పడవ వైపు పోయాను. ఆయన్ని తన పడవ వెనక తాడు పట్టుకోమని అరిచింది, ఆయన తాడుకి బదులు పడవ పక్క పట్టుకుని ఎక్కబోయాడు, అమ్మాయి కూడా పడిపోయేదే. "చేతులు తీయండి సార్, వెనక పట్టుకోండి" అని నాలుగుసార్లు అరిచాక విన్నాడు. నేను ఖాళీ పడవ ముక్కు దొరకబుచ్చుకుని నా మీదికి లాగాను, చెరువులో కంటే నాలుగింతలు బరువుగా ఉంది, కెరటం ఎత్తినప్పుడు లాగాలని సూర్యలంకలో ఎవరో అన్నది గుర్తొచ్చి అలాగే లాగాను. నీళ్లు ఒంపి తిప్పాను. ఇద్దరం కలిసి ఆయన్ని ఎక్కించేసరికి ముందు లీడర్ వచ్చేశాడు, మిగిలింది ఆయన చూసుకున్నాడు. మొత్తం ఎనిమిది నిమిషాలు అని తర్వాత మా తమ్ముడు చెప్పాడు, వాడు విజిల్ ఊదుతూ మిగిలినవాళ్లని ఒకచోట గుంపుగా ఆపి ఉంచాడు. ఆయనకి దెబ్బలేమీ లేవు. వణికాడు, ఉప్పునీళ్లు తాగాడు, అంతే.

పదకొండుంపావుకి భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి కొంచెం ముందు ఒడ్డుకి వచ్చాం. నా చేతులు అప్పుడు వణకడం మొదలుపెట్టాయి.

చెరువులో ఆ పద్నాలుగుసార్లు చేయించిన క్లబ్బుకి నేను రుణపడి ఉన్నాను, ఆ విషయం వాళ్ల మొహం మీదే చెప్పాను. అదే క్లబ్బు ఆ పద్నాలుగుసార్లు ఒక్కసారీ చేయని మనిషిని మా మధ్యలో కూర్చోబెట్టింది. ఫిబ్రవరిలో పన్నెండుమంది గొడవ చేసినా కదలని లీడర్ మార్చిలో ఖాళీ సీట్లు నింపడానికి ఎలా ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పడ్డాయన తప్పు అని కూడా అనను, తనకేం తెలియదో ఆయనకెలా తెలుస్తుంది? మేం ఏడుగురం సంతకాలు పెట్టి ఇచ్చిన లెటర్లో రెండే అడిగాం. పూల్, చెరువు పూర్తి చేయనివాళ్లని తీరం వెంట దూరం ట్రిప్పుకి తీసుకోము అని రాసి ఇవ్వండి. నలుగురికి ఒక లీడర్ కంటే తక్కువ పెట్టము అని రాసి ఇవ్వండి. రెండోదానికి ఒప్పుకున్నారు, ఫీజు కొంచెం పెరుగుతుందన్నారు, పెంచుకోండి అన్నాం. మొదటిదానికి "అనుభవం ఉన్నవాళ్ల విషయంలో లీడర్ నిర్ణయిస్తాడు" అన్నారు. ఆ వాక్యం దగ్గరే ఆగి ఉంది.

మిగతా విషయాలు. తిండికి వంక పెట్టలేను, పొద్దున నాలుగున్నరకి వేడి ఉప్మా, పడవలోకి పులిహోర పొట్లం, ఖర్జూరాలు, మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్. భీమిలిలో ఒడ్డున వేయించిన వంజరం ముక్కలు ఎవరి డబ్బులు వాళ్లవి. రూములు మామూలుగా ఉన్నాయి, ముగ్గురికి ఒకటి, శుభ్రంగా ఉంది. లైఫ్ జాకెట్లు మాత్రం మార్చాలి. అన్నీ మగవాళ్ల కొలతలే, నాలాంటి పొట్టి మనిషికి నీళ్లలో అది చెవుల దాకా ఎగిరొస్తుంది, రెండో ట్రిప్పు నుంచి నేను 3,200 పెట్టి కాళ్ల మధ్య పట్టీ ఉన్నది సొంతంగా కొనుక్కున్నాను. మధ్యదారిలో ఒకసారి ఒడ్డుకి ఆపుతారు, ఆడవాళ్లకి చిన్న గుడారం వేస్తారు, అడగకుండానే వేశారు, అందుకు థ్యాంక్స్. బయల్దేరేముందు మెరైన్ పోలీసులకి ఎంతమంది, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నింటికి చేరతాం అని మెసేజ్ పెడతారు, చేరాక మళ్లీ పెడతారు. కోస్ట్‌గార్డ్ 1554 నంబరు అందరి ఫోన్లలో సేవ్ చేయిస్తారు. దారిలో నేవీ స్థలం వచ్చినప్పుడు ఒడ్డుకి బాగా దూరంగా నడిపిస్తారు, ఫోన్లు బయటికి తీయనివ్వరు. ఇవన్నీ పద్ధతిగా చేస్తారు, అందుకే ఆ ఒక్క విషయం ఇంకా ఎక్కువ బాధపెడుతోంది.

ఖర్చు అడిగినవాళ్లకి: పూల్, చెరువు కలిపి 6,000. సూర్యలంక 7,000. విశాఖ 9,500, రైలు టికెట్ అందులో లేదు. ఏ క్లబ్బుతో వెళ్లినా డబ్బు కట్టేముందు, నాతో పాటు నీళ్లలో ఉండేవాళ్లందరూ తిరగబడి బయటికి రావడం ప్రాక్టీసు చేశారా అని ఒక్క ప్రశ్న అడగండి. తర్వాత, క్యాన్సిల్ అయితే ఏమిస్తారో అడగండి. ఎప్పుడూ క్యాన్సిల్ చేయలేదు అని గర్వంగా చెప్పే క్లబ్బు అయితే నేనైతే వెళ్లను.

ఈ సీజన్ అయిపోయింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం, మరబోట్లు సముద్రంలోకి పోవు, ఏదైనా అయితే చుట్టుపక్కల ఆదుకునే బోటు ఉండదు, ఎండ సంగతి చెప్పక్కర్లేదు. తర్వాత వానలు, తుఫాన్లు. వీళ్లు మళ్లీ అక్టోబరులో చెరువు సెషన్లు మొదలుపెడతారు, డిసెంబరు చివర్లో తీరానికి. మా తమ్ముడూ నేనూ చెరువు సెషన్లకి పేర్లు ఇచ్చేశాం, కొత్తవాళ్లకి పడినవాళ్ల పడవని పట్టుకోవడం నేర్పడానికి రమ్మని వాళ్లే అడిగారు, సంతోషంగా వెళ్తాం. తీరం ట్రిప్పుకి మాత్రం డబ్బు కట్టలేదు. ఆ మొదటి మాట కాగితం మీద వచ్చిన రోజు కడతాను, క్లబ్బు పేరు కూడా ఆ రోజే ఇక్కడ రాస్తాను.